ఈజిప్టు తాయెత్తుల్లో ఏది కొనాలి: హోరస్ కన్ను, పేడపురుగు, మరుగుజ్జు దేవుడు బెస్?

ఆన్‌లైన్ వేలం సైట్లలో ఈజిప్టు తాయెత్తుల కోసం వెతికితే పది నిమిషాల్లో వందల బొమ్మలు కళ్ల ముందు తిరుగుతాయి. రెండు సెంటీమీటర్ల నీలం కన్ను ఒకటి నలభై డాలర్లు. చూడ్డానికి అలాంటిదే ఇంకొకటి నాలుగు వందలు. మూడోది నాలుగు వేలు. మూడింటి కిందా ఒకటే మాట: రెండున్నర వేల ఏళ్ల నాటిది, అసలుది, గ్యారంటీ. నాణేలు, స్టాంపులు సేకరిస్తూ ఇటువైపు మళ్లినవాళ్లయినా, లండన్‌లోనో డాలస్‌లోనో ఉంటూ మ్యూజియంలో చూసి మనసు పడ్డవాళ్లయినా తికమక పడేది ఇక్కడే.

ఏ బొమ్మ కొనాలన్నది అసలు రెండో ప్రశ్న. ఆ వస్తువు ఈజిప్టు ఎప్పుడు దాటింది, ఎవరెవరి చేతులు మారింది, అందుకు కాగితం ఉందా అన్నది మొదటిది. కాగితం లేని చక్కటి స్కారబ్ (పేడపురుగు తాయెత్తు) కంటే, పాత రసీదు ఉన్న అంచు విరిగిన కన్నే నయం అంటాను. కాగితాల గొడవ తర్వాత చెబుతాను. ఆశ పుట్టేది బొమ్మల దగ్గరే కాబట్టి ముందు రకాలు చూద్దాం.

బతికున్నవాళ్లవి, పోయినవాళ్లవి

బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ 1914లో ఈ తాయెత్తులను రకాలవారీగా విడదీస్తే లెక్క 270 దాటింది. దేవుళ్లు, జంతువులు, కాళ్లూ చేతులూ, కిరీటాలు, చివరికి తలదిండు, వడ్రంగి మూలమట్టం కూడా ఉన్నాయి. కొనేవాళ్లకు అన్ని రకాలూ తెలియనక్కర్లేదు. పనికొచ్చే తేడా ఒకటుంది: కొన్నిటిని మనుషులు బతికుండగా ఒంటి మీద వేసుకు తిరిగారు, కొన్నిటిని శవం కోసమే చేయించారు.

మన ఇళ్లలో చంటిపిల్లల మొలతాడుకి తాయెత్తు కట్టినట్టే వాళ్లూ కట్టారు. బెస్, నీటిగుర్రం రూపపు దేవత తావెరెట్, హోరస్ కన్ను, చిన్న స్కారబ్‌లు మెడల్లో, ముంజేతులకి, ఉంగరాల్లో తిరిగినవే. గుండె స్కారబ్ (గుండె కోసం పెట్టే పెద్ద స్కారబ్), రెండు వేళ్ల తాయెత్తు, హోరస్ నలుగురు కొడుకుల బొమ్మలు మాత్రం నేరుగా మమ్మీ కట్లలోకే వెళ్లాయి. దక్షిణ ఈజిప్టులోని ఎడ్ఫు దగ్గర దొరికి, 1916 నుంచి కైరో మ్యూజియం నేలమాళిగలో విప్పకుండా ఉండిపోయిన ఒక కుర్రవాడి మమ్మీని కైరో యూనివర్సిటీకి చెందిన సహర్ సలీం బృందం సీటీ స్కాన్ తీసి, 2023లో ఆ వివరాలు ప్రచురించింది. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లాడు. ఒంటి మీదా లోపలా కలిపి 49 తాయెత్తులు, 21 రకాలు, మూడు వరసల్లో పేర్చి ఉన్నాయి. ఛాతీ లోపల బంగారు గుండె స్కారబ్, నోట్లో బంగారు నాలుక. ఏది ఎక్కడ పెట్టాలో లెక్క ప్రకారం పెట్టారు. టుటన్‌ఖామున్ మమ్మీ కట్ల మధ్య దొరికిన వస్తువులైతే 140 పైమాటే.

అంటే మార్కెట్లోకి వచ్చిన మమ్మీ తాయెత్తు ప్రతి ఒక్కటీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో కట్లు విప్పి తీసిందే. "శవం మీంచి తీసినదాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చా?" అని మనవాళ్లు అడిగితే నవ్వి ఊరుకోవడం నాకిష్టం ఉండదు. అందులో భయం ఎంతుందో మర్యాద కూడా అంతే ఉంది. అయితే ఈ విభజన మరీ నిక్కచ్చిది కాదు. బతికుండగా వేసుకున్నవి కూడా చాలావరకు సమాధుల్లోంచే బయటపడ్డాయి, మనిషితోపాటే పెట్టేవారు కాబట్టి. ఇళ్ల శిథిలాల్లో దొరికినవీ ఉన్నాయి. అఖెనాటెన్ కట్టించిన అమర్నా పట్టణంలో రాజు ఒక్క సూర్యబింబాన్నే కొలవమంటే, జనం ఇళ్లలో బెస్, తావెరెట్ తాయెత్తులు వాడుతూనే ఉన్నారు. ఎంత వద్దన్నా అమ్మలు మానలేదన్నమాట. మనసులో కాస్త ఇబ్బంది ఉన్నవాళ్లు ఈ మొదటి వర్గంలోంచే ఎంచుకుంటే సరి.

హోరస్ కన్ను: మొదటిసారి కొనేవాళ్లకి

డేగ తల ఉన్న దేవుడు హోరస్ కంటిని అతని శత్రువు సేత్ పీకేస్తే, థోత్ దేవుడు దాన్ని మళ్లీ బాగుచేశాడన్నది కథ. బాగైన కన్ను కాబట్టి ఆరోగ్యానికీ రక్షణకీ గుర్తయింది. మనిషి కన్ను, పైన కనుబొమ్మ, కింద డేగ బుగ్గ మీద ఉండే మచ్చ, పక్కకి జారి సుడి తిరిగే తోక. పాత రాజ్యపు చివరి రోజుల నుంచి, అంటే నాలుగు వేల ఏళ్లకు పైబడిన కాలం నుంచి, రోమన్ల కాలం దాకా దీన్ని చేస్తూనే ఉన్నారు. చాలా విరివిగా దొరికే తాయెత్తుల్లో ఇదొకటి. ఎక్కువ దొరకడమే కొనేవాళ్లకి లాభం. పోల్చి చూసుకోడానికి వందల నమూనాలు ఉంటాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. లండన్ డీలర్ల దగ్గర కాగితాలతో ఉన్న సాదా ఫయాన్స్ (పలుగురాయి పొడి ముద్దని కాల్చి చేసే నీలిపూత పదార్థం) కన్ను సుమారుగా 150 నుంచి 500 పౌండ్ల మధ్య దొరుకుతుంది.

వీటిలోనే పెద్ద తేడాలున్నాయి. తెరిచిన మట్టి అచ్చులో ఒత్తి తీసినవి ముందు బొమ్మ, వెనక చదును. కాస్త మంచివాటికి రెండు వైపులా గీతలు ఉంటాయి. ఇంకా మేలైనవాటిలో కంటికీ తోకకీ మధ్య ఖాళీ కోసి, వెలుతురు కనిపించేలా చేస్తారు. ఈ మూడో రకం సున్నితం, తోక దగ్గర ఇట్టే విరుగుతుంది. వంద పౌండ్లు ఎక్కువ పెట్టాలనుకుంటే రంగు కోసం కాదు, ఈ పనితనం కోసం పెట్టండి.

అమ్మేవాళ్లు దీంతోపాటు ఒక కథ కూడా అంటగడతారు: కంటిలోని ఒక్కో భాగం ఒక భిన్నమనీ, సగం నుంచి అరవై నాలుగో వంతు దాకా ఈజిప్టువాళ్లు దీంతోనే లెక్కలు కట్టారనీ. వినడానికి బాగుంటుంది గానీ ఇప్పటి పరిశోధకులు దాన్ని ఒప్పుకోవడం లేదు. ఆ కథకి అదనంగా డబ్బులివ్వకండి.

స్కారబ్: అందరికీ ఇష్టం, అందుకే నకిలీలు మెండు

పేడ ఉండను దొర్లించుకుపోయే పురుగులో, ఆకాశంలో సూర్యుణ్ని దొర్లించే ఖెప్రి దేవుణ్ని చూశారు ఈజిప్టువాళ్లు. పైన పురుగు, కింద చదునైన అడుగు మీద అక్షరాలో డిజైనో. తాయెత్తు తాయెత్తే, మట్టి మీద ఒత్తితే ముద్ర కూడా. ఎక్కువ భాగం బలపపు రాయితో చేసినవే. ఈ రాయి గోటితో గీరినా గీత పడేంత మెత్తన. చెక్కాక పైన గాజుపూత వేసి కాలిస్తే గట్టిపడుతుంది. పూత చాలావాటికి అరిగిపోయింది కాబట్టి ఇప్పుడు తెల్లగానో లేత గోధుమరంగుగానో కనిపిస్తాయి. కొత్తవాళ్లు నిగనిగలాడే పచ్చటి స్కారబ్ చూసి ఇదే అసలుదనుకుంటారు. సాధారణంగా అనుమానించాల్సింది దాన్నే.

వీపు చూడటం నేర్చుకుంటే సగం పని అయినట్టే. తల ముందు పళ్లలాంటి అంచు ఉంటుంది. తల వెనక వీపు ముందు భాగం, దాని వెనక రెండు రెక్కల డొప్పలు, మధ్యలో విడదీసే గీత. పద్దెనిమిదో రాజవంశం (సుమారు క్రీ.పూ. 1550-1290) నాటి చాలా స్కారబ్‌లకు భుజాల దగ్గర చిన్న త్రికోణపు గాట్లు కనిపిస్తాయి. పక్కన కాళ్లు నిజంగా కాళ్లలా విడిగా చెక్కారా, గబగబా ఒక గాడి గీసి వదిలేశారా అన్నది పనివాడి ఓపికని బట్టి ఉంటుంది. నకిలీ చేసేవాడు అడుగు భాగం మీద బాగా కష్టపడతాడు, ఎందుకంటే ఫొటోలో అందరూ చూసేది అక్షరాలే. వీపు, పక్కల దగ్గర మాత్రం బద్ధకం బయటపడిపోతుంది.

అడుగున రాజు పేరుంటే ధర ఎగబాకుతుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సూర్యబింబం, దాని కింద పావులున్న ఆటపలక, దాని కింద పురుగు: ఈ మూడూ కలిస్తే మెన్‌ఖెపెర్‌రే, అంటే మూడో థుట్మోస్ సింహాసన నామం. ఆయన పోయాక కూడా వందల ఏళ్లు ఆ పేరునే మహిమ ఉన్న మంత్రంలా చెక్కుతూ పోయారు. అందుకని "థుట్మోస్ కాలపు స్కారబ్" అని రాసి ఉన్నది ఆయన తర్వాత అయిదారు వందల ఏళ్లకి చేసింది కావచ్చు. నకిలీ కాదు, పాతదే, కానీ థుట్మోస్ ధర దానికి ఇవ్వక్కర్లేదు. పేరు కాలాన్ని చెప్పదు, వీపు చెబుతుంది.

మూడో అమెన్‌హోటెప్ వేయించిన పెద్ద స్కారబ్‌ల కథ వేరు. తీయే రాణితో పెళ్లి, పదేళ్లలో తన బాణాలతో 102 సింహాలు చంపడం లాంటి వార్తలు వాటి అడుగున రాయించి పంచాడు. రెండు వందలకు పైగా దొరికాయి. అవి తాయెత్తుల కంటే రాజుగారి ప్రకటన పత్రాలకే దగ్గర. మన బడ్జెట్లో మాట్లాడుకునేవి కావు.

లక్సర్ దగ్గర నైలు నది పడమటి ఒడ్డున గుర్నా గ్రామంలో 19వ శతాబ్దం నుంచీ నకిలీ స్కారబ్‌ల పని నడిచింది. కొత్త స్కారబ్‌లకు పాతదనం రావడానికి వాటిని టర్కీ కోళ్లకు మేతలో కలిపి మింగించేవాళ్లని అప్పట్లో ఒక కథ చెప్పుకునేవారు. ఆ కాలంలో చేసిన నకిలీలకే ఇప్పుడు వందేళ్లు దాటి, పాత యూరోపియన్ కుటుంబాల పెట్టెల్లోంచి నిజమైన పాత రసీదులతో సహా బయటికొస్తున్నాయి. స్కారబ్‌తో ఉన్న పెద్ద చిక్కు ఇదే. కాగితం అసలుదై, వస్తువు నకిలీదయ్యే అవకాశం దీనికే ఎక్కువ. అందుకే మొదటి కొనుగోలుగా స్కారబ్ వద్దంటాను.

బెస్, తావెరెట్, పటైకోస్: నాకిష్టమైనవి

బెస్ పొట్టివాడు, సింహం జూలు, బయటికి చాచిన నాలుక, నెత్తిన ఈకలు. దెయ్యాలను భయపెట్టడానికి ఆ ముఖం. కాన్పుల గదిలో, పిల్లల మంచాల దగ్గర కాపలా ఆయన ఉద్యోగం. తావెరెట్ నిండు గర్భంతో నిలబడ్డ నీటిగుర్రం, సింహం పంజాలు, వీపున మొసలి. పటైకోస్ మరో మరుగుజ్జు, కాళ్ల కింద మొసళ్లు, కొన్నిసార్లు నెత్తిన స్కారబ్, పాములూ తేళ్ల నుంచి కాపాడేవాడు. పెద్ద గుళ్లలో పూజలందుకున్న దేవుళ్ల కంటే వీళ్లలో ఇంటి వాసన ఎక్కువ. వీటిని కొన్నది రాజులు కాదు, పిల్లలున్న మామూలు మనుషులు.

కొనేవాళ్లకి ఇంకో లాభం కూడా ఉంది. బొమ్మ మూడు వైపుల నుంచీ ఉంటుంది కాబట్టి పరిశీలించడానికి చోటెక్కువ: మెడ వెనక దారం కోసం పెట్టిన కంత, వీపున ఆనుడు స్తంభం, చేతుల కింద పూత పేరుకున్న మూలలు. ముక్కూ చెవులూ స్పష్టంగా ఉన్న బెస్ ధర సాధారణంగా సాదా కన్ను కంటే ఎక్కువ. ముఖం అరిగిపోయినవి చవగ్గా వస్తాయి, కానీ బెస్‌కి ముఖమే ప్రాణం. ముఖం లేని బెస్‌ని కొనకండి. కాళ్లు విరిగినా పర్లేదు.

మిగతావి క్లుప్తంగా

గుండె స్కారబ్ పెద్దది, అడుగున మృతుల గ్రంథంలోని 30బి మంత్రం ఉంటుంది. చివరి తీర్పులో నాకు ఎదురు సాక్ష్యం చెప్పొద్దని గుండెను వేడుకునే మంత్రమది. మమ్మీ చేసేటప్పుడు మిగతా అవయవాలు తీసినా గుండెను లోపలే ఉంచేవారు. వేల పౌండ్ల వస్తువు, పూర్తిగా సమాధి వస్తువు, దోపిడీదారులకు మొదటి గురి. కొత్తవాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది. జెడ్ స్తంభం మృతుల దేవుడు ఒసైరిస్ వెన్నెముక, ఆయన భార్య ఐసిస్ పేరున్న ఐసిస్ ముడి ఎర్రరాయిలో చేసేది. రెండూ అందంగా ఉంటాయి, ఎక్కువగా మమ్మీల మీదవే. రెండు వేళ్ల తాయెత్తు నల్లరాయిది, కడుపు కోసిన చోట పెట్టేవారు. దాన్ని ఇంట్లో అలమారాలో పెట్టుకోవాలని నాకైతే అనిపించదు. ఇక అంఖ్, పైన ఉంగరం ఉన్న శిలువ లాంటి ప్రాణ చిహ్నం: సినిమాల వల్ల అందరికీ తెలిసింది గానీ, విడి తాయెత్తుగా కన్నూ స్కారబ్‌లంత విరివిగా దొరకదు. చవగ్గా కనిపించే ప్రతి అంఖ్‌నీ కొత్తదనే అనుకోండి.

నీలం గొట్టపు పూసల దండలు కూడా విరివిగా అమ్ముతారు. "మమ్మీ పూసలు" అంటారు. చాలావరకు పూసలు పాతవే, దండ మాత్రం కొత్తది. మమ్మీ మీద పరిచిన పూసల వల తెగిపోతే ఏరి, ఈ మధ్య గుచ్చినవి. మధ్యలో ఒక కన్ను వేలాడదీసి నెక్లెస్ అని రెట్టింపు చెబుతారు. ఆభరణంగా నచ్చితే అది వేరే సంగతి. సేకరణగా దాని విలువ విడి పూసల విలువే.

ఫయాన్సా, రాయా?

చాలామంది ఫయాన్స్‌ని మట్టిపాత్ర లాంటిదనుకుంటారు. అందులో బంకమట్టి ఉండదు. నలగ్గొట్టిన పలుగురాయి పొడి, కాస్త సున్నం, క్షారం కలిపి ముద్ద చేస్తారు. రాగి కలపడం వల్ల కాలాక పైన నీలి ఆకుపచ్చ పూత వస్తుంది. విరిగిన చోట చూస్తే లోపల తెల్లగానో బూడిదరంగుగానో చక్కెరలా గరగరలాడుతుంది. ఈ ఒక్క గుర్తు బాగా గుర్తుపెట్టుకోండి. అంచు విరిగిన తాయెత్తు నయమని మొదట్లో అన్నది ఇందుకు కూడా. విరిగిన చోటే లోపలి నిజం కనిపిస్తుంది. ఏ చిన్న గాటూ లేని ముక్కకి లోపల ఏముందో చూసే దారి ఉండదు.

ఇరవై ఒకటో రాజవంశం (సుమారు క్రీ.పూ. 1070-945) నాటి ముదురు నీలం చూస్తే కళ్లు తిప్పుకోలేం. క్రీ.పూ. 664 తర్వాతి చివరి యుగంలో ఎక్కువగా లేత ఆకుపచ్చ, మెరుపు తక్కువ. మార్కెట్లో విరివిగా దొరికేది ఈ రెండోదే. పనితనం కూడా ఈ యుగంలోనే చాలా సన్నం. రంగు వెలిసిందని తక్కువగా చూడొద్దు.

రాతి తాయెత్తుల్లో ముదురు నీలపు లాపిస్ లాజులి అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ నుంచి వచ్చేది, లేత నీలిపచ్చ టర్కాయిస్ సినాయ్ నుంచి. ఎర్రటి కార్నీలియన్ ఈజిప్టు ఎడారిలోనే దొరికేది. రాయి ఎంత పాతదైనా రాయి రాయిగానే ఉంటుంది కాబట్టి, పాత పూసని ఇప్పుడు చెక్కి కొత్త తాయెత్తు చేసినా కనిపెట్టడం కష్టం. అనుభవం వచ్చేదాకా ఫయాన్స్ దగ్గరే ఉండండి.

భూతద్దం కింద

పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, ఒక అతినీలలోహిత టార్చి చాలు. మొదట చూడాల్సింది బొమ్మని కాదు, కంతని.

రాతి తాయెత్తుకి రెండు వైపుల నుంచీ తొలిచేవారు, విల్లులాంటి పనిముట్టుతో ఇసుక వేసి తిప్పుతూ. అందుకే కంత రెండు చివర్లా వెడల్పుగా, మధ్యలో ఇరుకుగా ఉంటుంది. ఒక్కోసారి రెండు సొరంగాలూ సరిగ్గా కలవక లోపల చిన్న మెట్టు కనిపిస్తుంది. ఎలక్ట్రిక్ డ్రిల్లుతో చేసింది ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే వెడల్పుతో తుపాకీ గొట్టంలా పోతుంది. బతికున్నవాళ్లు వేసుకున్నదైతే దారం రాసుకుని కంత అంచు ఒక వైపు నున్నగా లోపలికి వంగి ఉంటుంది. ఫయాన్స్‌లో కంతని ముద్ద పచ్చిగా ఉన్నప్పుడే పుల్లతో పెట్టేవారు. పూత కంత లోపలికి కాస్త జారి గడ్డకట్టి ఉండటం మంచి గుర్తు. కంత లోపల శుభ్రంగా తెల్లగా ఉండి, బయట మాత్రం మట్టి పట్టి ఉంటే ఆ మట్టి నిన్నటిది.

ప్లాస్టిక్ లాంటి రెసిన్‌తో పోసిన నకిలీ బొమ్మ చేతికి తేలిగ్గా, వెచ్చగా తగులుతుంది. భూతద్దంలో గుండ్రటి గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి. అతినీలలోహిత వెలుతురులో కొత్త జిగురు, రెసిన్ మెరుస్తాయి. విరిగి అతికించిన చోటు కూడా అలాగే బయటపడుతుంది. అతికించింది తప్పు కాదు, చెప్పకుండా అమ్మడం తప్పు.

"ల్యాబ్ టెస్ట్ చేయించాం" అంటే కంగారుపడకండి, పొంగిపోకండి. రాయికీ ఫయాన్స్‌కీ కార్బన్ డేటింగ్ పనిచేయదు. కాలం తేల్చే మిగతా పరీక్షలకు పొడి గీరి తీయాలి, గోరంత వస్తువు మీద అది జరిగే పని కాదు. అమ్మేవాడే సంతకం పెట్టి ఇచ్చే "అసలుదని సర్టిఫికెట్" అయితే ఆ కాగితం ఖరీదు కూడా చేయదు. దానికంటే మెట్రోపాలిటన్ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం, లండన్‌లోని పెట్రీ మ్యూజియం ఆన్‌లైన్ ఫొటోల పక్కన మీ ముక్కని పెట్టి గంటసేపు చూడటం నయం.

కాగితాల దగ్గరికొస్తే

ఈజిప్టులో ఒకప్పుడు ఈ వ్యాపారం చట్టబద్ధమే. 1912 నాటి చట్టం, ఆ తర్వాత 1951 నాటి చట్టం కింద లైసెన్సున్న దుకాణాలు ఉండేవి, ఎగుమతికి అనుమతి పత్రం ఇచ్చేవారు. కైరో మ్యూజియంలోనే అమ్మకాల గది ఒకటి 1970ల చివరి దాకా నడిచింది. తవ్వకాలకు డబ్బిచ్చిన విదేశీ సంస్థలకు దొరికినవాటిలో వాటా కూడా ఇచ్చేవారు. 1983 నాటి 117వ నంబరు చట్టంతో అదంతా మూతపడింది. అప్పటి నుంచి పురావస్తువులన్నీ ప్రభుత్వానివే. అంతకుముందే 1970లో పురావస్తువుల దొంగరవాణాను అడ్డుకునే యునెస్కో ఒప్పందం వచ్చింది. మర్యాదగల మ్యూజియంలు, డీలర్లు ఆ సంవత్సరాన్నే గీతగా పెట్టుకున్నారు.

కాబట్టి మీకు కావాల్సింది 1970కి ముందే, తప్పితే 1983కి ముందైనా ఈ వస్తువు ఈజిప్టు బయట ఉందని చూపే ఆధారం. ఫొటో ఉన్న పాత వేలం కేటలాగు, తేదీ ఉన్న రసీదు, తవ్వకం నంబరు సిరాతో రాసి ఉన్న వస్తువు, ఏదైనా మ్యూజియం వదిలించుకున్నట్టు చూపే నంబరు: వీటిలో ఏదైనా బంగారమే. "పాత ఇంగ్లిష్ సేకరణ నుంచి" అన్న మాట ఒక్కటే ఉంటే అందులో ఏమీ లేనట్టే. ఏ సేకరణ, ఎవరిది, ఏ సంవత్సరం అని ఈమెయిల్లో అడగండి. నిజాయితీగల డీలరు సమాధానమిస్తాడు. గోల్‌మాల్ చేసేవాడు "ఇంకొకరు కూడా చూస్తున్నారు, త్వరగా తేల్చండి" అని టెన్షన్ పెడతాడు.

కాగితాలు చూడగానే నమ్మేయడం కూడా కుదరదు. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో నెజెమాంఖ్ అనే పూజారి బంగారు శవపేటికని సుమారు నలభై లక్షల డాలర్లకి కొంది. 1971 నాటి ఎగుమతి అనుమతి చూపించారు. అది దొంగ కాగితమని, పేటికని 2011 అల్లర్లలో దోచుకున్నారని తేలి, 2019లో ఈజిప్టుకి తిరిగిచ్చేసింది. ఇంగ్లండ్‌లోని బోల్టన్ మ్యూజియం 2003లో అమర్నా రాకుమారి విగ్రహమని నాలుగు లక్షల పౌండ్లకు పైగా పోసి కొన్నది పూర్తిగా కొత్త బొమ్మ. దాన్ని నమ్మించడానికి వాడినది 1892 నాటి నిజమైన వేలం కేటలాగు. అందులో వివరం లేని ఒక వస్తువుగా దీన్ని చూపించారు. అంత పెద్ద సంస్థలే బోల్తా పడ్డాయని భయపెట్టడానికి చెప్పడం లేదు. కాగితం మీద రాసిన వర్ణన చేతిలో ఉన్న ముక్కకే సరిపోతుందా, కొలతా విరిగిన చోటూ కలుస్తున్నాయా అని చూడాలని చెబుతున్నాను. దొంగ సొత్తు జాబితాల్లో వెతికించి "ఇందులో లేదు" అని పత్రం ఇచ్చే సేవలున్నాయి. పనికొస్తాయి, కానీ రాత్రిపూట నేల తవ్వి తీసినది ఏ జాబితాలోనూ ఉండదు.

ఎక్కడుంటే అక్కడి నియమాలు కూడా చూసుకోవాలి. అమెరికా 2016 చివరి నుంచి ఈజిప్టు పురావస్తువుల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. యూరోపియన్ యూనియన్‌లోకి 250 ఏళ్లు దాటిన పురావస్తువు తేవాలంటే 2025 జూన్ 28 నుంచి దిగుమతి లైసెన్సు కావాలి, ధర ఎంత తక్కువైనా సరే. అందుకని మీరున్న దేశంలోనే ఇప్పటికే ఉన్న ముక్కని కొనడం సుఖం.

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లలో ఉన్నవాళ్లకి నా సలహా సూటిగా: అసలుది తెప్పించుకోకండి. 1972 నాటి మన పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం నుంచి బయటికి పంపడానికి లేదు. ఇక్కడ అమ్మే వ్యాపారానికీ లైసెన్సు కావాలి. తర్వాత అమ్ముదామన్నా, అమెరికాలో ఉన్న పిల్లలకి పంపుదామన్నా చేతులు కట్టేసినట్టే. కస్టమ్స్ దగ్గర సమాధానం చెప్పుకోవాల్సిన తలనొప్పి అదనం.

ఇక టూరుకి వెళ్లి లక్సర్ గుళ్ల దగ్గర "అంటికా, అంటికా" అంటూ గుడ్డలో చుట్టిన స్కారబ్ చూపించేవాళ్ల దగ్గర కొనడం గురించి: అది నకిలీ అయితే డబ్బు పోయింది, అసలుది అయితే ఎయిర్‌పోర్టులో మీరు నేరం చేసినట్టు. మూడో దారి లేదు.

నకలు కొంటే తక్కువా?

తక్కువేం కాదు. పెద్ద మ్యూజియంల షాపుల్లో తమ దగ్గరున్న వస్తువుల నుంచే అచ్చు తీసిన ప్రతులు అమ్ముతారు. వెనక గుర్తు వేసి ఉంటుంది కాబట్టి రేపు ఎవరూ అసలుదని అమ్మలేరు. వీటికంటే నాకు నచ్చేవి ఇప్పటి కుండల కళాకారులు పాత పద్ధతిలో చేసే ఫయాన్స్ తాయెత్తులు. ముద్ద ఆరేటప్పుడు క్షారం పైకి తేలి, కొలిమిలో తానే పూత అవుతుంది. చూస్తే మూడు వేల ఏళ్ల కిందటి పనివాడి చేయి గుర్తొస్తుంది. పచ్చి ముద్ద పొడి కూడా దొరుకుతుంది, మట్టిపని తెలిసినవాళ్లు 900 డిగ్రీల దాపుల్లో కాల్చి సొంతంగా చేసుకోవచ్చు. మెడలో వేసుకోవాలనుకునేవాళ్లు తప్పనిసరిగా ఇదే ఎంచుకోవాలి. రెండున్నర వేల ఏళ్ల ఫయాన్స్ చెమటకీ సెంటుకీ తట్టుకోదు.

1922లో టుటన్‌ఖామున్ సమాధి బయటపడ్డాక యూరప్‌లో ఈజిప్టు మోజు పట్టి, వెండిలో, ఎనామెల్‌లో స్కారబ్ బ్రోచ్‌లు, కన్ను లాకెట్లు వచ్చాయి. అవి నిజాయితీగా 1920ల నగలు. సమాధుల గొడవ లేదు, తయారీ ముద్ర ఉంటుంది. నగ మీద ఇష్టం ఉన్నవాళ్లకి మంచి మధ్యదారి. ఒక్క జాగ్రత్త: అప్పట్లో కొన్ని ఉంగరాల్లో నిజమైన పాత స్కారబ్‌లే పొదిగారు. అలాంటిదైతే పైన చెప్పిన కాగితాల సంగతంతా దానికీ వర్తిస్తుంది.

కొనకుండా చూడాలనుకుంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో కొని తెచ్చినది, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. తాయెత్తు ఎవరి ఒంటి మీద ఉండేదో ఆ గదిలో కాసేపు నిలబడితే తెలుస్తుంది. కొనాలన్న కోరిక కొందరికి అక్కడే చల్లారవచ్చు, అదీ మంచిదే.

ఎవరికి ఏది

బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉండి, ఒక్కటే కొంటాను అనుకునేవాళ్లు చివరి యుగపు ఫయాన్స్ కన్ను తీసుకోండి. లేత ఆకుపచ్చదైనా పర్లేదు, రెండు వైపులా పని ఉన్నది, 1970కి ముందరి కాగితంతో. పిల్లలు పుట్టిన ఇంటికి గుర్తుగా ఏదైనా కావాలంటే బెస్‌నో తావెరెట్‌నో చూడండి, ముఖం బాగున్నది. స్కారబ్ మీదే మనసుంటే ముందు కనీసం ఏడాదిపాటు మ్యూజియం ఫొటోల్లో వీపులు చూడండి, తర్వాత రాజు పేరు లేని సాదాదాన్ని కొనండి. భారతదేశంలో ఉంటే మ్యూజియం ప్రతి, లేదా కొత్త ఫయాన్స్. పెట్టుబడిగా కొందామనుకునేవాళ్లు బంగారం కొనుక్కోండి. చట్టాలు బిగుస్తున్న కొద్దీ కాగితం లేని ముక్కలు అమ్ముడుపోవు, కాగితం ఉన్నవి ఎంత పెరుగుతాయో ఎవరూ చెప్పలేరు.

కొన్నాక నీళ్లలో కడగకండి. ఫయాన్స్‌లో మిగిలిపోయిన ఉప్పు తడికి కరిగి, ఆరేటప్పుడు పూతను పైకి తోసేస్తుంది. మెత్తని కుంచెతో దులిపితే చాలు. చిన్న డబ్బాలో యాసిడ్ లేని కాగితం పరిచి, తేమ పీల్చే సంచీ ఒకటి వేసి పెట్టండి. వస్తువుని రెండు వైపులా స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, రసీదు, డీలరుతో జరిగిన ఈమెయిళ్లు, పాత కేటలాగు పేజీ కాపీలు కలిపి ఒక కవర్లో ఉంచండి. ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి పెట్టండి.